తెలియని ఎత్తు ఎదురైనప్పుడు

పోర్టులో టగ్గు మీద ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. గాజువాకలో మా ఇంట్లో రాత్రి పది దాటాక ఫోను పక్కన పడేసి, లిచెస్ అనే చదరంగం సైట్‌లో మూడు నిమిషాల ఆటల టోర్నమెంట్లు ఆడుతుంటాను. మా మనవడూ ఆడతాడు. మొన్న ఓడిపోయి ఏడుపు మొహంతో వచ్చాడు. "వాడేదో పిచ్చి ఎత్తు వేశాడు తాతా" అన్నాడు. వాడికోసం రాసినవి ఇవి.

1. ముందు మౌస్ మీంచి చెయ్యి తియ్యి. నల్ల పావులొస్తే జీ6, ఆ వెనకే బిషప్పు జీ7లోకి. ఇది నా అలవాటు. రెండో ఎత్తును ప్రీమూవ్‌గా, అంటే అవతలివాడు ఆడకముందే, పెట్టేసి కూర్చునేవాణ్ణి. ఒకరోజు అవతలివాడు బీ3 ఆడి, బిషప్పును బీ2లో పెట్టాడు. నా బిషప్పు దానంతటది వెళ్లి వాడి నోట్లో పడింది. దాని వెనకున్న ఏనుగూ పోయింది. మొదటి ఐదారు ఎత్తులకు ప్రీమూవ్ జోలికి పోకు.

2. పిచ్చి ఎత్తు అనకు. 1980లో స్వీడన్‌లోని స్కారాలో ప్రపంచ ఛాంపియన్ కార్పోవ్ ఈ4తో మొదలుపెడితే, ఇంగ్లండ్ ఆటగాడు టోనీ మైల్స్ ఏ6 అని మూల బంటును ఒక్క గడి జరిపాడు. గెలిచింది మైల్సే.

3. అప్పనంగా వచ్చిన బంటును తీసుకో, కానీ దాన్ని పట్టుకుని వేలాడకు. నేను డీ4 ఆడగానే ఒకడు ఈ5 అన్నాడు. ఎంగ్లండ్ గాంబిట్ అంటారని తర్వాత తెలిసింది. బంటును తిన్నాను. వాడు గుర్రాన్ని సీ6కి తెచ్చాడు, నేను నా గుర్రాన్ని ఎఫ్3కి తెచ్చాను. వాడి మంత్రి ఈ7కి వచ్చింది. బంటు పోతుందేమోనని బిషప్పును ఎఫ్4లో కాపలా పెట్టాను. మంత్రి బీ4లోకి దిగి చెక్ చెప్పింది. బిషప్పును డీ2కి వెనక్కి లాగి అడ్డం పెట్టాను. అది బీ2 బంటును తినేసింది. నాకు రోషం వచ్చింది. మంత్రిని తరుముదామని బిషప్పును సీ3లో పెట్టాను. వాడి బిషప్పు బీ4లోకి వచ్చి కూర్చుంది. ఇంకో రెండు ఎత్తులకు సీ1లో చెక్‌మేట్. సీ3లో పెట్టాల్సింది బిషప్పును కాదు, గుర్రాన్ని. బంటు మీద మమకారంతో మొదలైంది, మంత్రి మీద రోషంతో ముగిసింది.

4. మా పోర్టుకు ఏ దేశపు ఓడ వచ్చినా, పైలట్ ఎక్కగానే అడిగేవి అవే: నీళ్లలో ఎంత లోతు దిగి ఉంది, ఇంజిన్ మాట వింటుందా. ఓడ కొత్తదే గానీ, డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి లోపలికెళ్లే ఛానల్ పాతదే. బోర్డు ముందు నువ్వూ అంతే. నా రాజు భద్రంగా ఉన్నాడా? కాపు లేని పావు ఏది? ఈ ఎత్తుతో వాడు వదులుకున్నదేమిటి? ఈ మూడో ప్రశ్నే అందరూ మర్చిపోతారు. అడ్డదారి పట్టినవాడు ఏదో ఒకటి వదిలే వస్తాడు.

5. అందుకు ఇరవై సెకన్లు పడుతుంది. పెట్టు. మూడు నిమిషాల ఆటలో అది పెద్ద ఖర్చే. అయినా మొదట్లోనే పెట్టు.

6. ఎంత చదివినా కొత్తది ఎదురవుతుంది. 2024లో సింగపూర్‌లో ప్రపంచ టైటిల్ మొదటి ఆటలో డింగ్ లిరెన్ ఫ్రెంచ్ డిఫెన్స్ తీశాడు. తెల్ల పావులతో ఆడిన మన గుకేశ్ ఓడిపోయాడు. అతని వెనక సిద్ధం చేసిన బృందంలో మన గుంటూరు హరికృష్ణ కూడా ఉన్నాడు. అంత బలగం ఉన్నా ఆ ఆట పోయింది. మూడో ఆటలో గెలిచి లెక్క సరిచేశాడు, చివరికి టైటిలూ గెలిచాడు. నీకు వెనక బృందం లేదురా అబ్బాయ్, ఒక నోట్‌బుక్ ఉండనీ.

7. ఓడగానే ఇంకో ఆటలోకి దూకకు. టోర్నమెంటును కాసేపు ఆపి, మంచినీళ్లు తాగి, ఎక్కడ తప్పావో ఆ ఒక్క ఎత్తు రాసుకో. ఎంగ్లండ్ గాంబిట్ పేజీలో నేను రాసుకున్నది ఒక్క ముక్కే: గుర్రం సీ3. మూడు వారాలకు ఇంకొకడు అదే దారిలో వచ్చాడు. సెకనుకో ఎత్తు చొప్పున మంత్రిని బీ2 దాకా దించాడు. నేను గుర్రాన్ని సీ3లో పెట్టాను. వాడి గడియారం నలభై సెకన్లు అలా కరుగుతూనే ఉంది.