గ్రంథాలయమున మనకై వేచియున్న క్రొత్త పుస్తకములు



మన జార్జి టౌనుకు తెలుగు అచ్చు క్రొత్త కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్రపత్రిక 1914లో బొంబాయినుండి మద్రాసు చేరి, తంబుచెట్టి వీథినుండి దినపత్రికగా వెలువడెను. పిల్లల మాసపత్రిక చందమామయు 1947 జులైలో ఈ నగరముననే పుట్టినది. నేడవి నిలిచిపోయినను, పిల్లలకై వ్రాయువారు కొఱవడలేదు.

కేంద్ర సాహిత్య అకాడమి 2010 నుండి బాలసాహిత్య పురస్కారము నిచ్చుచున్నది. అట్లు గౌరవము నొందిన తెలుగు పుస్తకములలో మూడింటిని పేర్కొనుచున్నాము. కన్నెగంటి అనసూయగారి ‘స్నేహితులు’ (2020), డి.కె. చదువులబాబుగారి ‘వజ్రాల వాన’ (2023) కథా సంపుటములు. పి. చంద్రశేఖర్ ఆజాద్ గారి ‘మాయా లోకం’ (2024) నవల. తెలుగు చదువుట అలవాటు తప్పినవారు మొదట రోజున కొక కథ చదివి, పిదప నవలకు పోవుట మేలు.

ఇవి యెచ్చట వెదకవలెను? ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయము 1896లో తెరువబడినది. 1954 నాటి చట్టము ననుసరించి, దేశమున ప్రచురింపబడు ప్రతి గ్రంథముయొక్క ప్రతి నొకదానిని ప్రచురణకర్తలు అచ్చటికి పంపవలెను. కావున పేర్లు వ్రాసికొని పోయి, తెలుగు విభాగమున అడుగుడు.

తల్లిదండ్రులకొక మనవి. మన పిల్లలు ఇంట తెలుగు మాటలాడుదురు గాని, పాఠ్యపుస్తకము దాటి చదువుటకు జంకుదురు. చదువని భాష మాటగా కొన్నాళ్లు నిలిచినను, లిపి మఱపున పడును. రాత్రి భోజనానంతరము పది నిమిషములు బిడ్డచేత పైకి చదివించి వినుడు. బిడ్డకు తెలియని మాటను పెద్దలు చెప్పుదురు. పెద్దలు మఱచిన అక్షరమును బిడ్డ చెప్పును.