పురుటిగదిలో అడుగుపెడుతున్న మనవరాలికి

రాజమండ్రి

చిరంజీవి సుధకు, అమ్మమ్మ ఆశీస్సులు.

నీకు లేబర్ రూమ్‌లో డ్యూటీ వేశారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పిన దగ్గర్నుంచి నాకు కాలు నిలవడం లేదు. చదువుకున్న పిల్లవి, అన్నీ తెలిసినదానివే, అయినా ఉద్యోగమంతా ఆ గదిలోనే చేసినదాన్ని, నాలుగు ముక్కలు చెప్పకుండా ఉండలేను తల్లీ.

కాన్పు కాగానే పిల్ల ఎంత పని చేస్తుందో చూడు. అప్పటిదాకా ఊపిరైనా తిండైనా మాయ నుంచే కదా, ఊపిరితిత్తుల నిండా నీరే, అందుకని రక్తం చాలావరకు అటు పోకుండా గుండె గదుల మధ్య చిన్న రంధ్రం లోంచి, పైన పెద్ద నాళాల మధ్య ఉన్న అడ్డదారి లోంచి తిరుగుతూ ఉంటుంది. కెవ్వుమని ఏడ్చేసరికి ఊపిరితిత్తులు విచ్చుకుని, నీరు ఇంకిపోయి, రక్తం అటు మళ్లుతుంది, గుండె ఎడమవైపు ఒత్తిడి పెరిగి ఆ రంధ్రం మీద పొర దానంతటదే మూతపడుతుంది, అడ్డదారి కూడా రెండు మూడు రోజుల్లో ముడుచుకుపోతుంది. ఆ కాస్త వ్యవధీ పిల్లకి ఇవ్వాలి. చక్కగా ఏడుస్తున్న పిల్లకి మొదటి నిమిషంలో ఆక్సిజన్ 60, 65 శాతమే చూపించినా హడలిపోకు, 10 నిమిషాలకి 85 దాటుతుంది. ఏడవని పిల్ల దగ్గర మాత్రం క్షణం ఆలస్యం కూడదు, తుడిచి వీపు రుద్దినా ఊపిరి తీయకపోతే ఆ మొదటి నిమిషంలోనే బ్యాగూ మాస్కూ అందుకోవాలి, అందుకే డ్యూటీ ఎక్కగానే అవి సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో నీ చేత్తో నువ్వే చూసుకో, ఇంకొకరు చూశారులే అనుకోకు.

మా రోజుల్లో బిడ్డ బయటపడగానే బొడ్డు కోసేవాళ్లం, ఇప్పుడు 1 నుంచి 3 నిమిషాలు ఆగమంటున్నారు, మంచిది, మాయలో ఉన్న రక్తం బిడ్డకే చేరుతుంది. రెండు వేళ్ల మధ్య పట్టుకుని చూడు, బొడ్డుతాడు మొదట టకటకా కొట్టుకుంటుంది, తర్వాత నెమ్మదించి, నీలం పోయి తెల్లబడి మెత్తబడుతుంది.

ఇక వెచ్చదనం. తడి ఒంటితో ఫ్యాను గాలిలోకి వచ్చిన పిల్లకి మనలాగా వణకడం రాదు, మెడ వెనకా భుజాల మధ్యా దాచుకున్న గోధుమరంగు కొవ్వును ఖర్చుపెట్టి వేడి పుట్టించుకుంటుంది, ఆ నిల్వా కొంచెమే. ఫ్యాను ఆపు, పొడిగుడ్డతో తుడువు, తల్లి గుండెల మీద పడుకోబెట్టు, గంటలోపు ముర్రుపాలు పట్టించు. ఒంటి మీద వెన్నలాంటి తెల్లటి పూత చూసి స్నానం చేయించమని ముసలమ్మలు తొందరపెడతారు, 24 గంటలు ఆగాలని వాళ్లకి నచ్చజెప్పు, కసురుకోకు.

నాకు పని నేర్పిన పెద్ద సిస్టరమ్మ ఎవర్నీ కసరగా నేను చూడలేదు. ఒక వానాకాలం రాత్రి తొలిచూలు పిల్ల ఒకతె, బిడ్డ అరచేతులూ అరికాళ్లూ నీలంగా ఉన్నాయని గొల్లుమంటే, ఆవిడ మంచం అంచున కూర్చుని, బిడ్డ పెదవులు చూపించి, నాలుక చూపించి, ఇవి ఎర్రగా ఉన్నాయి కదమ్మా, చేతులకీ కాళ్లకీ రక్తం సర్దుకోవడానికి ఒక రోజు పడుతుంది, అంతే అని చెప్పి, ఆ తల్లి చేతిని బిడ్డ ఛాతీ మీద పెట్టింది. పెదవులూ నాలుకా నీలంగా ఉంటేనే పరుగెత్తాలని నేనూ ఆ రాత్రే నేర్చుకున్నాను.

అలాంటి ఓపిక నీకు పుట్టుకతోనే ఉంది. అయిదో క్లాసులో ఉండగా, చంకలో పిల్లాడితో నిలబడ్డ ఎవరో ఆవిడకి బస్సులో సీటిచ్చి, తాడేపల్లిగూడెం దాకా నిలబడే వచ్చావు, కాళ్లు నొప్పి అని ఒక్క మాటైనా అనలేదు, నీకు గుర్తులేదేమో గానీ నేను మర్చిపోలేదు.

తల్లుల భయాలకి ఆ ఓపికే కావాలి. మొదటి రోజుల్లో బిడ్డ బరువు పదో వంతు దాకా తగ్గొచ్చు, రెండు వారాల్లో మళ్లీ పుంజుకుంటుంది, అది చెప్పకపోతే పాలు చాలట్లేదని డబ్బాపాలు మొదలెడతారు. రెండో మూడో రోజు ఒళ్లు కాస్త పచ్చబడటం మామూలే, 24 గంటల్లోపే పచ్చబడితే మాత్రం వెంటనే డాక్టరుగారికి చెప్పు. తల్లి హార్మోన్ల వల్ల కొందరు పిల్లలకి రొమ్ములు ఉబ్బుతాయి, వాటిని పిండొద్దని అమ్మమ్మలకీ నాయనమ్మలకీ మరీమరీ చెప్పు.

ఒక్కటే కోరుతున్నాను. ఎంత పని ఒత్తిడిలో ఉన్నా, బిడ్డని ఒళ్లో పెట్టేటప్పుడు ఆ తల్లికి ఒక్క మాట చెప్పు: నీ బిడ్డ ఇప్పుడే తన ఊపిరి తను తీసుకుంది, ఇంత పని చేసిందమ్మా అని. మొదటి రాత్రి ఆ మాటే ఆవిడకి ధైర్యం.

నైట్ డ్యూటీల్లో టీ తాగి కడుపు నింపుకోకు, వేళకి అన్నం తిను. సెలవు దొరికితే వచ్చి మాగాయ పట్టుకుపో, కొత్త జాడీ తీశాను.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ