పాఠం 14 : పాస్‌పోర్టు – ఎవరికి అవసరం, ఎప్పుడు అవసరం?

కిందటి పాఠంలో మీరు దేశం లోపల దూరప్రయాణాలు చేసేటప్పుడు వెంట ఉంచుకోవలసిన కాగితాల గురించి చదివారు. ఇప్పుడు దేశం ఎల్లలు దాటే ప్రయాణానికి ఏం కావాలో చూద్దాం. పాస్‌పోర్టు కావాలని మీరు వెంటనే అంటారు. ఆ జవాబు చాలావరకు సరైనదే కాని, పూర్తిగా సరైనది కాదు. పాస్‌పోర్టు లేకుండా మనం వెళ్లగల పొరుగుదేశాలు రెండున్నాయి. రెండు మూడు రోజులు సముద్రం మీద ప్రయాణించినా పాస్‌పోర్టు అక్కరలేని చోట్లున్నాయి. మరోవైపు, పాస్‌పోర్టు చేతిలో ఉండి కూడా విమానాశ్రయం నుంచి వెనక్కు వచ్చేవారున్నారు.

ఈ పాఠం చదివిన తరువాత మీరు పాస్‌పోర్టుకూ వీసాకూ తేడా చెప్పగలుగుతారు. మీరు తలపెట్టిన ప్రయాణానికి పాస్‌పోర్టు కావాలో వద్దో నిర్ణయించుకోగలుగుతారు. పదో తరగతి పాసవడానికీ పాస్‌పోర్టుకూ ఉన్న సంబంధం తెలుసుకుంటారు. సార్వత్రిక పాఠశాలలో చదువుతున్న మీకు ఈ చివరి విషయం మరింత ముఖ్యం.

14.1 పాస్‌పోర్టు, వీసా

పాస్‌పోర్టు మన ప్రభుత్వం మనకిచ్చే పత్రం. 'ఈ వ్యక్తి మా పౌరుడు, ఇతనిని అడ్డుకోకుండా వెళ్లనివ్వండి, అవసరమైతే సహాయం చేయండి' అని మన ప్రభుత్వం పరాయి దేశాలను కోరుతుంది. వీసా అవతలి దేశం ఇచ్చే అనుమతి. ఊరు విడిచి వెళ్లడానికి మన ఇంటివాళ్లు ఒప్పుకోవడం ఒకటి, వెళ్లినచోట ఆ ఇంటివాళ్లు తలుపు తీయడం మరొకటి. చాలా దేశాలకు రెండూ కావాలి. పాస్‌పోర్టు వచ్చింది కదా అని టిక్కెట్టు కొనేసి, ఆ తరువాత వీసా గురించి ఆలోచించేవారిని చూస్తుంటాం. ఆ తప్పు మీరు చేయకండి.

పాస్‌పోర్టు ఇవ్వడం, ఇవ్వకపోవడం ఒకప్పుడు ప్రభుత్వం ఇష్టానికి వదిలిన విషయంగా ఉండేది. విదేశాలకు వెళ్లే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం చెప్పే వ్యక్తి స్వేచ్ఛలో భాగమని 1967లో సుప్రీంకోర్టు సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో తీర్పు చెప్పింది. ఆ ఏడాదే పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. ఆ చట్టం 3వ సెక్షన్ ప్రకారం చెల్లుబాటయ్యే పాస్‌పోర్టు గాని, ప్రయాణ పత్రం గాని లేకుండా ఎవరూ దేశం విడిచి వెళ్లకూడదు. 1978 నాటి మేనకా గాంధీ కేసు కూడా పాస్‌పోర్టు స్వాధీనం చేసుకోవడం మీదనే నడిచింది. సరైన కారణం, న్యాయమైన పద్ధతి లేకుండా ఈ హక్కును తీసివేయరాదని ఆ తీర్పు వల్ల స్థిరపడింది.

14.2 పాస్‌పోర్టు లేకుండా ఎక్కడికి వెళ్లవచ్చు?

మొదట నేపాల్, భూటాన్. పశుపతినాథుణ్ణీ ముక్తినాథుణ్ణీ దర్శించుకోవడానికి మన ఊళ్ల నుంచి ఏటా ఎన్నో యాత్రా బృందాలు వెళ్తుంటాయి. భారత పౌరులు ఈ దేశాలకు పాస్‌పోర్టుతో గాని, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు గుర్తింపు కార్డుతో గాని వెళ్లవచ్చు. నేపాల్‌తో మనకు 1950లో జరిగిన శాంతి, స్నేహ ఒప్పందం ఈ వెసులుబాటుకు మూలం. ఇక్కడ ఒక సంగతి బాగా గుర్తుంచుకోండి: ఆధార్ కార్డు చాలదు. పదిహేనేళ్లలోపు పిల్లలకూ అరవై అయిదేళ్లు దాటినవారికీ మాత్రం నేపాల్, భూటాన్ ప్రయాణానికి ఆధార్‌ను ఒప్పుకుంటామని 2019లో కేంద్ర హోంశాఖ తెలిపింది. బృందంలో అందరూ ఆధార్ పట్టుకుని బయలుదేరితే, పెద్దాయన ముందుకు వెళ్తాడు, కొడుకూ కోడలూ సరిహద్దులో నిలబడిపోతారు!

నేపాల్ నుంచి మరో దేశానికి వెళ్లాలన్నా, మరో దేశం నుంచి నేపాల్‌కు రావాలన్నా ఓటరు కార్డు పనికిరాదు. కాఠ్మండు మీదుగా కైలాస మానససరోవర యాత్రకు వెళ్లేవారు ఈ మాట మరచిపోతుంటారు. ఆ యాత్ర చైనా అధీనంలోని టిబెట్‌లో జరుగుతుంది కాబట్టి పాస్‌పోర్టు తప్పదు. భూటాన్‌లో అయితే ప్రవేశ అనుమతితోపాటు, 2022 సెప్టెంబరు నుంచి భారతీయులు రాత్రికి తలా 1200 రూపాయల రుసుము కూడా చెల్లించాలి. ఇది ఖర్చులో ముందే లెక్క వేసుకోవాలి.

ఇక సముద్ర ప్రయాణాలు. విశాఖపట్నం, చెన్నై, కోల్‌కతా రేవుల నుంచి అండమాన్‌కు వెళ్లే ప్రయాణికుల ఓడ ఎక్కడానికి భారత పౌరులకు పాస్‌పోర్టు అక్కరలేదు. అండమాన్ మన దేశమే కదా. కొచ్చి నుంచి లక్షద్వీప్ వెళ్లడానికీ అంతే. కాకపోతే అక్కడికి బయటివారు ముందుగా ప్రవేశ అనుమతి తీసుకోవాలి. ఈ మధ్య విహార నౌకలు కూడా వచ్చాయి. 2022 జూన్‌లో అలాంటి ఓడ ఒకటి విశాఖ నుంచి బయలుదేరింది. 2023 సెప్టెంబరులో అక్కడ ప్రత్యేకంగా క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభించారు. విహార నౌక పేరు వినగానే పాస్‌పోర్టు కోసం పరుగెత్తనక్కరలేదు. ఆ ఓడ ఏయే రేవుల్లో ఆగుతుందో అడగండి. అన్నీ మన రేవులైతే ఫోటో ఉన్న గుర్తింపు కార్డు చాలు. దారిలో ఒక్క పూట శ్రీలంక రేవులో ఆగినా పాస్‌పోర్టు కావాలి. 'నేను ఒడ్డుకు దిగను, ఓడలోనే కూర్చుంటాను' అంటే కుదరదు. ఓడతోపాటు మీరూ దేశం దాటినట్టే. 2023 అక్టోబరులో మొదలైన నాగపట్నం – కంకేసంతురై ఓడ ప్రయాణం కొద్ది గంటలే అయినా దానికీ పాస్‌పోర్టు ఉండాలి.

పాఠ్యగత ప్రశ్నలు 14.1

(అ) ముప్పై ఏళ్ల వ్యక్తి ఆధార్ కార్డుతో నేపాల్ వెళ్లవచ్చా? (ఆ) చెన్నై నుంచి బయలుదేరి ట్రింకోమలీలో ఒకరోజు ఆగి తిరిగి వచ్చే ఓడకు ఏ పత్రం కావాలి?

14.3 పదో తరగతి, పాస్‌పోర్టు

కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల, కడప, కోనసీమ ప్రాంతాల్లో గల్ఫ్ వెళ్లినవారు లేని ఊరు అరుదు. మీలో కొందరు ఆ ఆలోచనతోనే ఈ చదువు మళ్లీ మొదలుపెట్టి ఉంటారు. అందుకే ఈ భాగం నిదానంగా చదవండి.

పాస్‌పోర్టులో రెండు రకాలున్నాయి. పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టులో సాధారణంగా 'ఎమిగ్రేషన్ చెక్ రిక్వయిర్డ్' అని ముద్ర ఉంటుంది. దీన్నే అందరూ ఇ.సి.ఆర్. అంటారు. సౌదీ అరేబియా, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్, యు.ఎ.ఇ., మలేషియా మొదలైన 18 దేశాలకు ఉద్యోగం కోసం వెళ్లేటప్పుడు ఈ ముద్ర ఉన్నవారు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం నుంచి అనుమతి పొందాలి. హైదరాబాద్‌లోనూ ఈ కార్యాలయం ఉంది. గుర్తింపు పొందిన బోర్డు నుంచి పదో తరగతి ఉత్తీర్ణతా పత్రం ఉన్నవారికి ఈ ముద్ర ఉండదు. బడికి వెళ్లి పాసయ్యారా, సార్వత్రిక పాఠశాలలో పాసయ్యారా అనే తేడా లేదు.

అలాగని ఇ.సి.ఆర్. ముద్రను అవమానంగా భావించకండి. 1983 నాటి వలసల చట్టం కింద వచ్చిన ఏర్పాటు ఇది. మీ ఒప్పందపత్రంలో జీతం ఎంత, పని ఏమిటి, యజమాని ఎవరు అన్నవి ఎవరో ఒకరు చూస్తారు. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాదంలో మరణిస్తే 10 లక్షల రూపాయల బీమా ఉంటుంది. రెండేళ్లకు దాని ప్రీమియం 275 రూపాయలు మాత్రమే. విజిటింగ్ వీసా మీద వెళ్లి అక్కడ పని చూసుకోవచ్చని ఏజెంటు అంటే, ఈ రక్షణ అంతా వదులుకోమని చెబుతున్నాడన్నమాట. రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగిన సేవారుసుము 30,000 రూపాయలకు, దానిపై పన్నుకు మించరాదు. అతనికి లైసెన్సు ఉందో లేదో ఇ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. ఎకరం అమ్మి లక్షలు కట్టేముందు పదినిమిషాలు ఈ పని చేయండి.

మరి పాస్‌పోర్టు ఇప్పుడు తీసుకోవాలా, పరీక్ష పాసయ్యాకనా? చేతిలో ప్రయాణమేదీ లేక, పరీక్ష ఆరునెలల్లో ఉంటే ఆగడమే మేలని మా అభిప్రాయం. ఇప్పుడు ముద్రతో తీసుకుంటే, పాసయ్యాక దాన్ని తొలగించుకోవడానికి మళ్లీ దరఖాస్తు, మళ్లీ రుసుము.

14.4 పేరు, పుట్టినతేదీ

ఎక్కువ దరఖాస్తులు చిక్కులో పడేది ఇక్కడే. మనవాళ్లు ఇంటిపేరును ముందు పెట్టి, అదీ ఒక్క అక్షరంగా రాస్తారు. కె. సత్తయ్య అనే పేరు అనుకుందాం. పాస్‌పోర్టులో పొడి అక్షరాలు చెల్లవు. 'కె' అంటే కొత్తపల్లి అని పూర్తిగా రాయాలి. ఇంటిపేరు గడిలో కొత్తపల్లి, ఇచ్చిన పేరు గడిలో సత్తయ్య అని రావాలి. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి ఒక్క పేరుతో పాస్‌పోర్టు తీసుకున్నవారికి 2022 నవంబరులో ఇబ్బంది ఎదురైంది. అలా ఒకే పేరున్న వారిని సందర్శక వీసాల మీద రానివ్వబోమని యు.ఎ.ఇ. ప్రకటించింది. తండ్రిపేరో కుటుంబనామమో పాస్‌పోర్టు చివరి పుటలో ఉంటే ఒప్పుకుంటామని తరువాత వివరించింది.

ఆడపిల్లల విషయంలో పెళ్లికి ముందు ఇంటిపేరు మెమోలో, పెళ్లి తరువాతి ఇంటిపేరు ఆధార్‌లో ఉంటుంది. ఏ పేరుతో పాస్‌పోర్టు కావాలో ముందు తేల్చుకుని, మిగిలిన కాగితాలను దానికి సరిచేయించండి. భర్త ఇంటిపేరు పెట్టుకుని తీరాలని చట్టంలో లేదు.

పుట్టినతేదీ సంగతి మరీ జాగ్రత్త. బడిలో చేర్చేటప్పుడు పంతులుగారు వేసిన తేదీ ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి ఉన్నవాళ్లు మనలో తక్కువేమీ కాదు. 2023 అక్టోబరు 1న గాని, ఆ తరువాత గాని పుట్టిన పిల్లలకు జనన ధ్రువీకరణపత్రం ఒక్కటే రుజువు అని 2025లో నిబంధన సవరించారు. అంతకుముందు పుట్టినవారు బడి సర్టిఫికెట్టు వంటి ఇతర పత్రాలు చూపవచ్చు. మీ ఇంట్లో పసిబిడ్డ ఉంటే పంచాయతీలోనో పురపాలక సంఘంలోనో ఆ పత్రం ఇప్పుడే తీసుకోండి.

14.5 దరఖాస్తు

పాస్‌పోర్టు సేవా వెబ్‌సైటులో దరఖాస్తు నింపి, రుసుము కట్టి, తేదీ తీసుకోవాలి. అదే రకం పేర్లతో నకిలీ వెబ్‌సైట్లు ఉన్నాయి. చివర గవ్ డాట్ ఇన్ అని ఉందో లేదో చూడండి. పెద్దలకు 36 పుటల పాస్‌పోర్టుకు 1500 రూపాయలు. తత్కాల్‌కు మరో 2000. చెప్పిన రోజున అసలు పత్రాలతో పాస్‌పోర్టు సేవా కేంద్రానికో, తపాలా కార్యాలయంలోని కేంద్రానికో వెళ్లాలి. తరువాత పోలీసు విచారణ. పాస్‌పోర్టు తపాలాలో ఇంటికి వస్తుంది. పెద్దలకు పదేళ్లు చెల్లుతుంది, పిల్లలకు సాధారణంగా అయిదేళ్లు లేదా పద్దెనిమిదేళ్లు నిండేవరకు, ఏది ముందైతే అది.

కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తుంటే దాచకండి. కోర్టు అనుమతి తెచ్చుకుంటే దారి ఉంది. దాచి పొందితే 12వ సెక్షన్ కింద రెండేళ్లవరకు జైలుశిక్ష పడవచ్చు.

14.6 అయితే తీసుకోవాలా, వద్దా?

ఇంట్లో గుర్తింపు కోసమే అయితే అక్కరలేదు. దానికి వేరే కార్డులున్నాయి. ఎప్పుడో నేపాల్ వెళ్దామనుకునేవారికి ఓటరు కార్డు చాలు. హజ్ యాత్ర తలపెట్టినవారు, పిల్లలు విదేశాల్లో ఉన్న తల్లిదండ్రులు, బయటి దేశంలో పని వెతుక్కునేవారు మాత్రం ముందే తీసుకోవడం మంచిది. బిడ్డ కాన్పుకు రమ్మని కబురొచ్చాక దరఖాస్తు పెడితే, మెమోలో ఒక్క అక్షరం తేడా ఉన్నా పుణ్యకాలం గడిచిపోతుంది. ఇంకో లెక్క కూడా ఉంది. చాలా దేశాలు ఇంకా ఆరునెలలు గడువు ఉన్న పాస్‌పోర్టునే ఒప్పుకుంటాయి. కాబట్టి పదేళ్లని రాసి ఉన్నా మీకు దక్కేది తొమ్మిదిన్నరేళ్లే అనుకోండి.

తీసుకున్నాక అది మీ దగ్గరే ఉండాలి. 17వ సెక్షన్ ప్రకారం పాస్‌పోర్టు కేంద్ర ప్రభుత్వం ఆస్తి. దాన్ని తాకట్టు పెట్టుకునే హక్కు ఏజెంటుకు గాని, అప్పిచ్చినవారికి గాని లేదు. మొదటి, చివరి పుటల నకళ్లు ఇంట్లో ఒకరికి ఇచ్చి వెళ్లండి.

పాఠ్యగత ప్రశ్నలు 14.2

(అ) పదో తరగతి పాసైనవారి పాస్‌పోర్టుకూ పాసు కానివారి పాస్‌పోర్టుకూ తేడా ఏమిటి? (ఆ) పద్దెనిమిదేళ్లు నిండడానికి రెండేళ్లున్న అబ్బాయికి పాస్‌పోర్టు ఎంతకాలం చెల్లుతుంది?

కృత్యం

మీ ఇంట్లోని ఒకరి ఆధార్, ఓటరు కార్డు, బడి సర్టిఫికెట్టు పక్కపక్కన పెట్టండి. పేరు, ఇంటిపేరు, తండ్రిపేరు, పుట్టినతేదీ ఒక కాగితం మీద రాసి పోల్చండి. తేడా ఉన్నచోట గీత గీసి, ఏ కాగితాన్ని ఏ కార్యాలయంలో సరిచేయించాలో పక్కన రాయండి. సంపర్క తరగతికి ఆ కాగితం తీసుకురండి.

జవాబులు

14.1 : (అ) వెళ్లకూడదు, ఓటరు కార్డు గాని, పాస్‌పోర్టు గాని కావాలి. (ఆ) పాస్‌పోర్టు. 14.2 : (అ) పాసు కానివారి దానిలో సాధారణంగా ఇ.సి.ఆర్. ముద్ర ఉంటుంది. (ఆ) సాధారణంగా రెండేళ్లు.