వాద్యాన్ని కంప్యూటర్‌కు కలపడం: ఆదిత్యపూర్‌లో నేర్చుకున్న పాఠం

రెండేళ్ల క్రితం విశాఖపట్నం నుంచి ఆదిత్యపూర్‌కు బదిలీ మీద వచ్చాను. ఖర్కాయి నదికి ఒక ఒడ్డున జంషెడ్‌పూర్, రెండో ఒడ్డున మా ఆదిత్యపూర్. వాహనాల విడిభాగాలు తయారుచేసే చిన్న పరిశ్రమలు ఇక్కడ వీధివీధికీ కనిపిస్తాయి. పగలంతా వాటి రుణాల ఫైళ్లతోనే సరిపోతుంది. ఇంత దూరంలో తెలుగు ఎక్కడ వినిపిస్తుందిలే అనుకున్నాను. వచ్చిన నెలలోనే నా అంచనా తప్పింది. ఉక్కు కర్మాగారం పనుల కోసం తరాల క్రితం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ ప్రాంతంలో ఎన్నో ఉన్నాయి. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం, కదమాలో ఆంధ్ర అసోసియేషన్ ఉన్నాయి. మా వీధిలోనే శనివారం శనివారం భజన చేసే బృందం ఒకటి ఉంది.

ఆ బృందానికి కీబోర్డు వాయించేది రిటైరైన ఒక పెద్దాయన. వయసు ఎనభైకి దగ్గర. అందరూ మాస్టారు అంటారు. నలభై ఏళ్లుగా భజన పాటలకు తానే వరసలు కట్టారు. మొదట హార్మోనియం మీద, పదిహేనేళ్లుగా కొడుకు కొనిచ్చిన కీబోర్డు మీద. ఒకరోజు భజన అయ్యాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అన్నారు: "బాబూ, ఈ వరసలు నా చేతుల్లో ఉన్నాయి గానీ కాగితం మీద లేవు. మా మనవలకు తెలుగు చదవడం రాదు. నువ్వు కంప్యూటర్ తెలిసినవాడివి కదా, ఏదైనా చెయ్యి."

నేను తెలుసుకున్నది ఎం.బి.ఏ. చదువు, బ్యాంకు సాఫ్ట్‌వేర్. సంగీతం రికార్డు చేయడం తెలియదు. అయినా సరే అన్నాను. మొత్తం పద్నాలుగు పాటలు. వాటి కోసం పడిన తిప్పల్లో నేర్చుకున్నది మన పత్రిక ద్వారా పంచుకుంటున్నాను. ఇంట్లో కీబోర్డు ఉన్న సహోద్యోగులకు, సంగీతం నేర్చుకునే పిల్లలున్నవారికి పనికొస్తుందని నా ఆశ.

మొదటి ఆదివారం: ఫోనుతో

మొదటి ప్రయత్నం అందరూ చేసేదే. ఫోను బల్ల మీద పెట్టి రికార్డు నొక్కాను. తర్వాత వింటే ఫ్యాను గాలి, వంటింట్లో కుక్కరు కూత, వీధిలో ఆటో హారన్ స్పష్టంగా వినిపించాయి. మాస్టారి కీబోర్డు వాటి వెనక ఎక్కడో ఉంది. కీబోర్డు ఎలక్ట్రానిక్ వాద్యం. దాని ధ్వని ముందు కరెంటు రూపంలోనే పుడుతుంది. దాన్ని స్పీకరు ద్వారా గాలిలోకి వదిలి, మళ్లీ మైకుతో పట్టుకోవడం అనవసరమైన చుట్టు ప్రయాణం. తీగతో నేరుగా కంప్యూటర్‌లోకి పంపవచ్చు.

రెండో ఆదివారం: మిడి తీగతో

ఈసారి కీబోర్డు వెనకున్న యు.ఎస్.బి. రంధ్రం నుంచి ల్యాప్‌టాప్‌కు తీగ కలిపాను. రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లో మాస్టారు వాయిస్తుంటే చిన్న చిన్న గీతలు వరసగా పడుతున్నాయి. ఒక్క శబ్దం కూడా కలవలేదు. అయిదు పాటలు పూర్తయ్యాయి. సంబరపడ్డాను. రాత్రి ఇంటికొచ్చి ప్లే చేస్తే పాటలోని స్వరాలన్నీ ఉన్నాయి, గొంతు మాత్రం వేరేగా ఉంది! మాస్టారు ఇష్టపడి ఎంచుకున్న హార్మోనియం నాదం బదులు ఏదో పలచని పియానో.

అప్పుడు అర్థమైంది, ఆ తీగలో వెళ్లింది ధ్వని కాదని. దాన్ని మిడి అంటారు. ఏ మెట్టు నొక్కారు, ఎంత బలంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు వంటి సమాచారం మాత్రమే అందులో ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే మిడి ఒక చెక్కు, ఆడియో నగదు. చెక్కు మీద ఎవరికి ఎంత చెల్లించాలో రాసి ఉంటుంది, డబ్బు మాత్రం అందులో ఉండదు. దాన్ని ఎవరు చెల్లిస్తారన్న దాన్ని బట్టి చేతికొచ్చేది ఉంటుంది. నా ల్యాప్‌టాప్ తన దగ్గరున్న పియానోతో చెల్లించింది.

సైజులోనూ ఈ తేడా కనిపిస్తుంది. సెకనుకు 48,000 నమూనాలు, 24 బిట్లతో స్టీరియో ఆడియో రికార్డు చేస్తే నిమిషానికి సుమారు 17 మెగాబైట్లు అవుతుంది. అయిదు నిమిషాల పాటకు 86 మెగాబైట్లు. అదే పాట మిడిలో సాధారణంగా కొన్ని పదుల కిలోబైట్లు.

మిడి ఎలా వచ్చింది?

1980ల మొదట్లో ఒక కంపెనీ కీబోర్డు మరో కంపెనీ కీబోర్డుతో మాట్లాడేది కాదు. ఎవరి పద్ధతి వారిది. జపాన్‌కు చెందిన రోలాండ్ సంస్థ వ్యవస్థాపకుడు ఇకుతారో కకెహాషి, అమెరికాలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ నడిపిన డేవ్ స్మిత్ ఇందుకు ఉమ్మడి పద్ధతి ఉండాలని పట్టుబట్టారు. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన వాద్యాల ప్రదర్శనలో ప్రాఫెట్ 600, జూపిటర్ 6 అనే రెండు వేర్వేరు కంపెనీల కీబోర్డులను ఒకే తీగతో కలిపి చూపించారు. ఆ పద్ధతిని ఎవరైనా రాయల్టీ లేకుండా వాడుకోవచ్చన్నారు. అందుకే అది ప్రపంచమంతా పాకింది. ఈ కృషికి ఇద్దరికీ 2013లో టెక్నికల్ గ్రామీ పురస్కారం దక్కింది. ఏ బ్యాంకు యాప్ నుంచైనా ఏ బ్యాంకు ఖాతాకైనా డబ్బు పంపే యు.పి.ఐ. మనకు 2016లో వచ్చింది. వాద్యాలకు ఆ సౌకర్యం అంతకు ముప్పై మూడేళ్ల ముందే వచ్చింది.

మిడిలో మనవాళ్లకు నవ్వు తెప్పించే మాట ఒకటుంది. కీబోర్డులోని నాదాలను 128 చొప్పున కట్టలు కట్టి, ఒక్కో కట్టను బ్యాంకు అంటారు. ఫలానా కట్టకు వెళ్లమని కీబోర్డుకు చెప్పే ఆదేశం పేరు బ్యాంక్ సెలెక్ట్. మాస్టారి హార్మోనియం ఏ బ్యాంకులో ఎన్నో నంబరో నేను రాసుకోలేదు. ఆ తప్పు తర్వాత గుర్తుకొచ్చింది.

మూడో ఆదివారం: రెండు దారులూ

ఈసారి రెండు ఇన్‌పుట్‌లున్న చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ కొన్నాను. ఇది బయటి ధ్వనిని అంకెలుగా మార్చి కంప్యూటర్‌కు అందించే పెట్టె. చేసిన అమరిక ఇది.

1. కీబోర్డు లైన్ అవుట్ ఎడమ, కుడి జాక్‌ల నుంచి ఇంటర్‌ఫేస్ ఒకటి, రెండు ఇన్‌పుట్‌లకు రెండు తీగలు. ఇది ఆడియో దారి. లైన్ అవుట్ లేని కీబోర్డయితే హెడ్‌ఫోన్ జాక్ నుంచి తీసుకోవచ్చు. ఇన్‌పుట్ మీట మైకు మీద కాకుండా లైన్ మీద ఉండాలి.

2. కీబోర్డు యు.ఎస్.బి. నుంచి ల్యాప్‌టాప్‌కు ఒక తీగ. ఇది మిడి దారి. పాత కీబోర్డులకు అయిదు సూదుల గుండ్రటి సాకెట్లు ఉంటాయి. అక్కడ ఒకవైపు అవుట్ అయితే రెండోవైపు ఇన్ కావాలి. అవుట్‌ను అవుట్‌కు కలిపి పనిచేయడం లేదని తల పట్టుకునేవారే ఎక్కువ.

3. సాఫ్ట్‌వేర్‌లో రెండు ట్రాకులు. ఒకటి ఆడియోకు, ఒకటి మిడికి. రెండింటిలోనూ రికార్డు బటన్ ముందే నొక్కి ఉంచాలి.

4. ధ్వని మట్టం గట్టిగా వాయించినప్పుడు కూడా మైనస్ 12 డెసిబెల్ దగ్గర ఆగేలా చూసుకోవాలి. సున్నా దాటితే ధ్వని చీలిపోతుంది. తర్వాత బాగు చేయలేం.

మొదట ఒక హోరు వినిపించింది. మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, ఆ గుయ్యిమనే శబ్దమే. ల్యాప్‌టాప్ చార్జరు తీసి బ్యాటరీ మీద నడిపితే ఆగిపోయింది. అలా కాకపోతే అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కలిపి చూడాలి. హోరు పోతుందని ప్లగ్గులో ఎర్త్ సూదిని తీసేయడం మాత్రం ప్రాణాపాయం. ఎవరు సలహా ఇచ్చినా చేయకండి.

రెండో ఇబ్బంది ఆలస్యం. మెట్టు నొక్కిన క్షణం తర్వాత హెడ్‌ఫోన్‌లో స్వరం వినిపిస్తుంటే మాస్టారు తాళం తప్పారు. కంప్యూటర్ ధ్వనిని గుక్కలు గుక్కలుగా తీసుకుంటుంది. ఆ గుక్కను బఫర్ అంటారు. 1,024 నమూనాల బఫర్ పెడితే ఒక్క గుక్కకే 21 మిల్లీసెకన్లు పడుతుంది, లోపలికీ బయటికీ కలిపితే ఇంకా ఎక్కువ. 128కి తగ్గిస్తే గుక్క మూడు మిల్లీసెకన్ల లోపు. అంతకన్నా సులువు, ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ మీట వేసుకోవడం. అప్పుడు ధ్వని కంప్యూటర్ చుట్టూ తిరక్కుండా నేరుగా చెవికి చేరుతుంది. మీట వేశాక మాస్టారి ముఖం తేటపడింది. ఆ రోజు తొమ్మిది పాటలు రెండు దారుల్లోనూ రికార్డయ్యాయి. మిగతా అయిదూ వచ్చే ఆదివారం మళ్లీ వాయిస్తానన్నారు.

ఆ ఆదివారం రాలేదు

గురువారం ఉదయం మాస్టారికి స్వల్పంగా పక్షవాతం వచ్చింది. ప్రాణానికి భయం లేదన్నారు గానీ ఎడమ చేయి పట్టు తప్పింది. కొడుకు వచ్చి విశాఖపట్నం తీసుకువెళ్లారు. వెళ్లేముందు కీబోర్డును భజన బృందానికే ఇచ్చేశారు. నా దగ్గర అయిదు పాటలకు చెక్కులున్నాయి, నగదు లేదు.

రెండు మూడు రోజులు ఆ ఫైళ్లు తెరవడానికి మనసు రాలేదు. తర్వాత ఒక ఆలోచన వచ్చింది. వెనకటి రోజుల్లో చెక్కు ఎక్కడ జమ చేసినా, చెల్లింపు కోసం ఖాతా ఉన్న శాఖకే కలెక్షన్‌కు పంపేవాళ్లం. ఈ చెక్కులను కూడా ఆ కీబోర్డుకే పంపితే?

యు.ఎస్.బి. మిడి తీగ రెండువైపులా పనిచేస్తుంది. కీబోర్డు నుంచి కంప్యూటర్‌కు వచ్చిన సమాచారాన్ని తిరిగి కీబోర్డుకు పంపవచ్చు. దాని లోపలి నాదంతోనే అది పలుకుతుంది. ఆ ధ్వనిని లైన్ తీగల ద్వారా కొత్త ఆడియో ట్రాకులో పట్టుకోవాలి. క్యూబేస్, ఏబుల్టన్ లైవ్, లాజిక్ వంటి సాఫ్ట్‌వేర్లలో దీనికోసం ఎక్స్‌టర్నల్ ఇన్‌స్ట్రుమెంట్ అనే సదుపాయం ఉంది. అది లేకున్నా మిడి ట్రాక్ అవుట్‌పుట్‌గా కీబోర్డును, ఆడియో ట్రాక్ ఇన్‌పుట్‌గా ఇంటర్‌ఫేస్‌ను ఎంచుకుంటే సరిపోతుంది. నేను చేసింది అదే. జాగ్రత్త పడవలసినవి నాలుగు.

ఒకటి, నాదం నంబరు. తొమ్మిది పాటల ఆడియో వింటూ, కీబోర్డులోని హార్మోనియం నాదాలు ఒక్కొక్కటే వాయించి పోల్చాం. బృందంలోని ఆడవాళ్లు మూడోదానికే గుర్తుపట్టారు.

రెండు, శ్రుతి. మాస్టారు తెల్ల మెట్ల మీదే వాయిస్తూ, ట్రాన్స్‌పోజ్ బటన్‌తో ఒకటిన్నర శ్రుతికి, అంటే సి షార్ప్‌కు తెచ్చుకునేవారు. ఈ మార్పు మిడిలో నమోదవుతుందా లేదా అన్నది కీబోర్డును బట్టి ఉంటుంది. అందుకే ముందు సరిగమ పంపి చూసుకోవాలి. మేం పంపినప్పుడు పాట అర మెట్టు కిందికి వచ్చింది. శ్రుతిపెట్టెతో సరిచూసి దిద్దుకున్నాం.

మూడు, లోకల్ కంట్రోల్. వాయిస్తూ ఉండగా సాఫ్ట్‌వేర్ అదే స్వరాన్ని తిరిగి కీబోర్డుకు పంపితే ప్రతి స్వరం రెండుసార్లు మోగుతుంది. కీబోర్డులో లోకల్ ఆఫ్ చేస్తే ఆ గొడవ పోతుంది. పని అయ్యాక మళ్లీ ఆన్ చేయడం మరిచిపోకండి. లేకపోతే మెట్లు నొక్కినా మోగవు, కీబోర్డు పాడైందని కంగారు పడతారు.

నాలుగు, సమయం. బయటి వాద్యం నుంచి ధ్వని పాట నడిచే వేగంతోనే వస్తుంది. అయిదు నిమిషాల పాటకు అయిదు నిమిషాలూ పడుతుంది. వెళ్లి రావడంలో కొన్ని మిల్లీసెకన్ల ఆలస్యం కూడా ఉంటుంది. ఆడియోను మిడి గీతల పక్కన పెట్టి ఆ మేరకు ముందుకు జరపాలి.

శనివారం సాయంత్రం అందరూ చుట్టూ కూర్చున్నారు. ప్లే నొక్కాను. మెట్లు కదలలేదు, ఎవరూ ముట్టుకోలేదు. కీబోర్డు మాత్రం మాస్టారు వాయించినట్టే పలికింది. చరణానికి ముందు ఆయన ఆగే ఆగడం కూడా అలాగే ఉంది. పాట అయిపోయేదాకా ఎవరూ మాట్లాడలేదు.

అయిదు పాటలూ ఆయన కొడుకు ఫోనుకు పంపాను. మర్నాడు మాస్టారే మాట్లాడారు. మాట కొంచెం ముద్దగా ఉంది. "నా హార్మోనియమే బాబూ ఇది. రెండో పాటలో తొందరపడ్డాను. అదీ అలాగే ఉంది." దిద్దమంటారా అని అడిగాను. మిడిలో ఒక స్వరాన్ని జరపడం క్షణం పని. "వద్దులే, ఉండనీ" అన్నారు.

మీరు మొదలుపెట్టే ముందు

ఏ వాద్యానికి ఏ దారో ముందు తెలుసుకోండి. కీబోర్డుకు మిడి, ఆడియో రెండూ ఉంటాయి. ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె, తాళయంత్రం వంటివాటికి సాధారణంగా ఆడియో దారి ఒక్కటే. హార్మోనియం, వయొలిన్, మృదంగం వంటివాటికి మైకు తప్పదు. కండెన్సర్ మైకు అయితే ఇంటర్‌ఫేస్ మీద 48 వోల్టుల ఫాంటమ్ పవర్ మీట వేయాలి.

ప్రతి పాటకూ ఒక కాగితం పెట్టుకోండి: తేదీ, నాదం నంబరు, బ్యాంకు, శ్రుతి, ట్రాన్స్‌పోజ్, వేగం. వోచరు లేని ఎంట్రీ ఎంత ఇబ్బందో మనకు వేరే చెప్పాలా? ఫైళ్లు రెండు చోట్ల దాచండి.

అన్నిటికన్నా ముఖ్యం, మొదటి రోజే రెండు దారులూ తెరిచి ఉంచండి. మిడి ఉంటే దిద్దుకోవచ్చు, స్వరాలు రాసుకోవచ్చు, మళ్లీ పలికించవచ్చు. ఆడియో ఉంటే ఆ రోజు విన్నది విన్నట్టు ఉంటుంది. మాకు మాస్టారి కీబోర్డు మిగిలింది కాబట్టి అయిదు చెక్కులూ చెల్లాయి. కీబోర్డు కూడా విశాఖపట్నం వెళ్లిపోయి ఉంటే ఆ పాటలు పియానో గొంతుతోనే మిగిలిపోయేవి.

ఇప్పుడు ఆ మిడి గీతలను చూసి మా అమ్మాయి సరిగమలు రాస్తోంది, తెలుగులోనూ హిందీలోనూ. మాస్టారి మనవలకు పంపాలి. మీ ఇంట్లోనూ పాటలు చేతుల్లో పెట్టుకున్న పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే, రెండు తీగలు పట్టుకుని ఈ ఆదివారమే వెళ్లండి.