బదనికయు తేనెపిట్టయు

తేనెపిట్ట వ్రాలిన మామిడికి బదనిక పట్టునని తలంచి, పిల్లలచే దానిని రాళ్ళతో కొట్టించువారు కలువాయి ప్రాంతమున నుండవచ్చును. ఆ తలంపులో సగమే నిజము.

తేనెపిట్ట నాలుగంగుళములకు మించదు. జత కట్టు కాలమున పోతుపిట్ట నీలిమెఱుపుతో నల్లగా నుండును. పెంటిపిట్ట కడుపు లేతపసుపు. సాలెగూటి దారములతో సంచివంటి గూడల్లి కొమ్మకు వ్రేలాడదీయును. దీనిని హమ్మింగ్ బర్డని కొందఱందురు గాని, ఆ కుటుంబపు పక్షులు అమెరికా ఖండములయందే కలవు. ఆండీసు పర్వతముల మబ్బు క్రమ్మిన యడవులలో వానిలో నొకదానికి ముక్కు, తోక విడిచి కొలిచిన దేహముకంటెను పొడవు! పొడవాటి గొట్టపుపూలలోని తేనెను అది గాలిలో నిలిచి త్రాగును. మనది సాధారణముగా కొమ్మపై కూర్చుండియే త్రాగును. పక్షిముక్కునకును పూగొట్టమునకును గల పొందిక మాత్రము ఇచ్చటను కలదు.

బదనికపువ్వు అట్టిదే. ముదిరిన మొగ్గను తేనెపిట్ట ముక్కుతో నొక్కగనే అది చిట్లి విచ్చును, పుప్పొడి పిట్టతల కంటును. అది మఱియొక పువ్వును చేరగా కాయ పట్టును. తేనెపిట్ట పాలు ఇంతవఱకే.

విత్తును మోయునది వేఱొక పిట్ట. అది యింకను చిన్నది; బూడిదవన్నె దేహము, పాలిపోయిన పొట్టిముక్కు, మెఱుపేమియు లేదు. బదనికపండును మ్రింగి, కొద్ది నిమిషములలోనే జిగురువిత్తును విసర్జించి కొమ్మకు రాచును. విత్తు అచ్చటనే యంటుకొని మొలచును. ఈ రెండు పిట్టల పనిని సాలిం అలీగారు కొంకణమున పరిశీలించి 1931లో ప్రకటించిరి.

బదనికకు పచ్చని యాకులున్నవి గాన కొంత యాహారమును తానే వండుకొనును. నీరును, ఉప్పులను మాత్రము మామిడినుండి పీల్చును. అందుచేత దానికి పైనున్న కొమ్మ ఎండిపోవును.

మామిడిపూతకు ఈగలు, తేనెటీగలే ముఖ్యము. తేనెపిట్టవలన కాపు పెరుగునని మేము చెప్పము. అయినను తన పిల్లలకు పురుగులను, సాలీళ్ళను మేపును. దానిని చంపిన బదనిక తగ్గదు, పండ్లున్నంతకాలము పిట్టలు వచ్చుచునే యుండును.

చేయదగిన పని కత్తితోనే కలదు. బదనికను పైపైన విఱిచిన, కొమ్మలో మిగిలిన వేరు మరల చిగిర్చును. అది యంటిన చోటికి మూలమువైపు మూరెడు దూరమున కొమ్మనే కోయవలెను. కాయలు పండకమునుపే కోయవలెను. ఒకరు కోసి పొరుగువారు విడిచిన, ఆ పిట్టయే గట్టు దాటించి విత్తు తెచ్చును. కావున ప్రక్కప్రక్క తోటలవారు ఒకే వారమున కోయుట మేలు.