మనసును గెలిచే చదువు

వేదాంతం అనగానే మనలో చాలామందికి అది ముసలివాళ్ల ముచ్చట అనిపిస్తుంది. ఊళ్లో ఎవరైనా చనిపోయినప్పుడు నలుగురు కూర్చుని "అంతా మాయ, ఏం పట్టుకపోతం" అనుకునే మాటలే వేదాంతమని భావిస్తాం. కానీ ఉపనిషత్తులను తెరచి చూస్తే అక్కడ ప్రశ్నలు అడిగేవాళ్లలో ఎందరో విద్యార్థులే. కఠోపనిషత్తులో యముణ్ణి ప్రశ్నించిన నచికేతుడు బాలుడు. ఛాందోగ్యంలో శ్వేతకేతువు పన్నెండేళ్లు గురువు దగ్గర చదివి, ఇరవై నాలుగో ఏట ఇంటికి తిరిగి వచ్చినవాడు. అదే గ్రంథంలోని సత్యకాముడు తండ్రి ఎవరో తెలియక, తల్లి జాబాల పేరుతోనే గురువు ముందు నిలబడినవాడు. కనుక ఇది విద్యార్థుల చదువే అనడంలో సందేహం లేదు.

మన హాస్టళ్లలో చదివే విద్యార్థికి అశాంతి కొత్త కాదు. పరీక్షల భయం ఒకటి. ఇంగ్లీషు సరిగా రాదన్న బెరుకు ఒకటి. స్కాలర్‌షిప్ ఎప్పుడొస్తుందో తెలియదు. ఇంటి దగ్గర అమ్మ బీడీలు చుడుతూ ఉంటుంది, నాన్న రాత్రంతా సాంచల మీద నిలబడతాడు, అన్న దుబాయిలో ఎండకు మాడుతుంటాడు. వాళ్లందరి ఆశ మన ఒక్కరి మీదే ఉంటుంది. ఆ ఆశే బలం, ఆ ఆశే బరువు. అలాంటి మనసుకు వేదాంతం ఏం చెబుతుందో, అందులో మనం తీసుకోవలసింది ఏమిటో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

మనసు అంటే ఏమిటి?

మన లోపల జరిగే పనులను వేదాంతులు నాలుగుగా చెప్పారు. అవి మనస్సు, బుద్ధి, చిత్తం, అహంకారం. ఈ నాలుగింటినీ కలిపి అంతఃకరణం అన్నారు. మనకు తెలిసిన ఉదాహరణే తీసుకుందాం. స్టడీ అవర్‌లో కూర్చున్నాం. టీవీ గదిలో క్రికెట్ చప్పుడు వినిపించింది. పోదామా, వద్దా అని ఊగేది మనస్సు. రేపు లెక్కల పరీక్ష ఉంది, కూర్చోవాలి అని తేల్చేది బుద్ధి. మొన్నటి మ్యాచ్‌ను గుర్తు చేసి ఊరించేది చిత్తం. "వాడు చూస్తుంటే నేనెందుకు చూడకూడదు" అని రెచ్చగొట్టేది అహంకారం.

కఠోపనిషత్తు దీన్నే రథంతో పోల్చింది. శరీరం రథం, ఇంద్రియాలు గుర్రాలు, మనస్సు పగ్గం, బుద్ధి సారథి. రథంలో కూర్చున్న యజమాని ఆత్మ. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. పగ్గాన్ని తెంపివేయమని ఎవరూ చెప్పలేదు. పగ్గం సారథి చేతిలో ఉండాలన్నారు. మనసును చంపుకోవడం శాంతి కాదు, దాన్ని బుద్ధి చేతికి అందించడమే శాంతి.

చూసేవాడు ఎవరు?

కన్ను రూపాన్ని చూస్తుంది. కన్ను మసకబారిందో, బాగుందో మనసుకు తెలుస్తుంది. మనసు కలత పడిందో, కుదుటపడిందో కూడా మనకు తెలుస్తూనే ఉంటుంది. అలా మనసును సైతం చూసేదాన్ని సాక్షి అన్నారు. ఆ సాక్షియే ఆత్మ అని అద్వైతుల మాట.

గోదావరిఖనిలో, బెల్లంపల్లిలో బొగ్గుబాయిల్లోకి దిగిన కార్మికుల తలమీది లైటును తలచుకుందాం. ఆ వెలుగులో బొగ్గు కనిపిస్తుంది, బండ కనిపిస్తుంది, బురద నీళ్లూ కనిపిస్తాయి. బొగ్గు మీద పడినంత మాత్రాన వెలుగు నల్లబడదు. భయం, సిగ్గు, కోపం, నిరాశ మన మనసులో కనిపించే బొగ్గూ బండల వంటివి. వాటిని తెలుసుకునే వెలుగు మాత్రం వాటితో మాసిపోదు. "నేను పనికిరానివాణ్ణి" అనే మాటకూ, "పనికిరానన్న ఆలోచన ఒకటి మనసులోకి వచ్చింది" అనే మాటకూ ఎంత తేడా ఉందో చూడండి. మొదటిదానిలో మునిగిపోతాం. రెండవదానిలో గట్టున నిలబడి చూస్తాం.

బృహదారణ్యకంలో జనక మహారాజుకు యాజ్ఞవల్క్యుడు గాఢనిద్రను గురించి చెప్పిన చోట గొప్ప విషయం ఉంది. ఆ స్థితిలో తండ్రి తండ్రి కాడు, దొంగ దొంగ కాడు, చండాలుడు చండాలుడు కాడని ఆయన బోధ. మన హాస్టల్ హాలులో రాత్రి వరుసగా చాపలు పరుచుకుని పడుకున్నవాళ్లను చూస్తే ఇది అర్థమవుతుంది. గాఢనిద్రలో ఎవరికీ కులం లేదు, ర్యాంకు లేదు, ఫెయిలు లేదు. పొద్దున లేవగానే అవన్నీ మళ్లీ వచ్చి కూర్చుంటాయి. వచ్చిపోయేది మన స్వరూపం ఎలా అవుతుంది?

ఇది మన చదువేనా?

ఇక్కడ మనవంటివాళ్లం అడగక తప్పని ప్రశ్న ఒకటుంది. అందరిలో ఒకే ఆత్మ ఉందన్న సిద్ధాంతం పుట్టిన దేశంలోనే మన తాతలను ఊరి బావి దగ్గరికి ఎందుకు రానివ్వలేదు? బ్రహ్మసూత్రాలకు రాసిన భాష్యంలో శంకరాచార్యులు శూద్రులకు వేదాధ్యయనానికి అర్హత లేదనే చెప్పారు. ఆయన పేరు మీదే ఉన్న మనీషా పంచకం మాత్రం, ఆత్మజ్ఞానం కలవాడు చండాలుడైనా గురువే అంటుంది. ఈ రెండూ ఒకే సంప్రదాయంలో ఉన్నాయి.

డాక్టర్ అంబేడ్కర్ ఈ ప్రశ్నను సూటిగా వేశారు. ఆయన మరణానంతరం 1987లో అచ్చయిన 'హిందూమతంలోని చిక్కుముడులు' గ్రంథంలో, అందరిలో బ్రహ్మం ఒక్కటే అన్న భావం ప్రజాస్వామ్యానికి గట్టి పునాది కావలసిందనీ, కానీ అది సమాజంలో సమానత్వంగా మారలేదనీ విమర్శించారు. ఆ విమర్శను పక్కన పెట్టి వేదాంతం చదివితే మనల్ని మనమే మోసం చేసుకున్నట్లు.

అయితే తలుపులు తెరిచినవాళ్లూ ఉన్నారు. కేరళలో పుట్టి తెలుగునేలకు వచ్చిన మలయాళ స్వామి 1926లో ఏర్పేడు దగ్గర వ్యాసాశ్రమం స్థాపించి, బ్రహ్మవిద్యకు అన్ని కులాలవారూ, స్త్రీలూ అర్హులేనని 'శుష్క వేదాంత తమోభాస్కరము' అనే గ్రంథంలో వాదించారు. పూర్వపు నల్లగొండ జిల్లాలో దున్న ఇద్దాసు వంటి దళిత యోగులు తత్త్వాలు పాడి, ఈ జ్ఞానాన్ని వాడల్లోకి తెచ్చారు. మన ధర్మపురిలో శేషప్ప కవి నరసింహ శతకం రాసి, సంస్కృతం రానివాళ్లకు కూడా వైరాగ్యాన్ని తెలుగు సీసపద్యాల్లో అందించాడు. తల్లి కడుపులోంచి ఎవరూ ధనం తేలేదని చెప్పిన ఆయన, చివరి గడియలో దేవుణ్ణి తలచుకునే ఓపిక ఉంటుందో లేదో, ఇప్పుడే తలుస్తానన్నాడు. మంచి పనిని వాయిదా వేసే మన అలవాటుకు అదే మంచి పాఠం.

గోదావరి ఒడ్డు నుంచి పదహారుగురు

మనసు గురించిన ప్రశ్న మన ప్రాంతానికి చాలా పాతది. బౌద్ధుల సుత్తనిపాతంలో బావరి అనే గురువు కథ ఉంది. ఆయన అశ్మక దేశంలో గోదావరి తీరాన ఉండేవాడు. బుద్ధుని పేరు విని, తన పదహారు మంది శిష్యులను ప్రశ్నలతో ఉత్తరాదికి పంపాడు. బావరి ఉన్న చోటు పూర్వపు ఆదిలాబాద్ జిల్లా ఖానాపూర్ ప్రాంతంలోని బాదనకుర్తి అని కొందరు చరిత్రకారుల అభిప్రాయం.

ఆ శిష్యుల్లో మోఘరాజు అనేవాడు, మృత్యువుకు దొరకకుండా ఉండాలంటే లోకాన్ని ఎట్లా చూడాలని అడిగాడు. "నేను" అనే పట్టును వదిలి, లోకాన్ని శూన్యంగా చూడమని బుద్ధుడు బదులిచ్చాడు. వేదాంతం నిజమైన "నేను"ను వెతకమంటే, బుద్ధుడు ఆ "నేను" అన్న భావాన్నే విడువమన్నాడు. రెండింటికీ తేడా చిన్నది కాదు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించిన అంబేడ్కర్‌కు ఆ తేడా బాగా తెలుసు. అయినా ఒక్క చోట రెండు దారులూ కలుస్తాయి. గొప్పకు ఉబ్బిపోయే, అవమానానికి కుంగిపోయే చిన్న "నేను"ను నమ్ముకుంటే శాంతి లేదని రెండూ చెబుతాయి. ఏ దారిన నడిచేవాళ్లకైనా ఈ మాట పనికొస్తుంది.

సాధన ఎట్లా చేయాలి?

మనసు గాలిలాంటిది, పట్టుకోవడం కష్టమని గీత ఆరవ అధ్యాయంలో అర్జునుడే ఒప్పుకున్నాడు. కష్టమే అయినా అభ్యాసంతో, వైరాగ్యంతో సాధ్యమని కృష్ణుడు చెప్పాడు. హాస్టల్లో మనం చేయగలిగినవి ఇవి:

1. పొద్దున లేచి ముఖం కడుక్కున్నాక పది నిమిషాలు కదలకుండా కూర్చుని శ్వాసను గమనించాలి. ఆలోచనలు వస్తూనే ఉంటాయి. సిరిసిల్ల సాంచ మీద దారం తెగితే కార్మికుడు తిట్టుకుంటూ కూర్చోడు, ముడివేసి మళ్లీ నడుపుతాడు. మనసు తెగిపోయిన ప్రతిసారీ మనమూ ముడివేయాలి. ఆ ముడివేయడమే అభ్యాసం.

2. చదువులో శ్రవణం, మననం, నిదిధ్యాసనం పాటించాలి. క్లాసులో వినడం, విన్నదాన్ని ప్రశ్నించుకోవడం, అర్థమైనదానిలో నిలిచి ఉండడం. ఆత్మవిద్యకు చెప్పిన ఈ మూడు మెట్లు లెక్కలకూ, సైన్సుకూ సరిపోతాయి.

3. తిండి, నిద్ర మితంగా ఉండాలి. మరీ తినేవాడికీ, బొత్తిగా తిననివాడికీ, అతిగా నిద్రపోయేవాడికీ, అసలు నిద్రపోనివాడికీ యోగం కుదరదని గీత చెబుతుంది. పరీక్షల ముందు రాత్రంతా మేలుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

4. ప్రయత్నం మన చేతిలో ఉంది. నోటిఫికేషన్, కటాఫ్, సీటు మన చేతిలో లేవు. చేతిలో ఉన్నదానికి పూర్తి శక్తి పెట్టి, లేనిదాని గురించి రాత్రి నిద్ర చెడగొట్టుకోకపోవడమే వైరాగ్యం. ఆశ లేకపోవడం వైరాగ్యం కాదు.

శాంతి అంటే ఊరుకోవడం కాదు

మెస్‌లో పప్పు నీళ్లలా ఉంటే "అంతా బ్రహ్మమే" అని తాగేయమని ఏ ఉపనిషత్తూ చెప్పలేదు. గీత పుట్టింది యుద్ధభూమిలో. విన్నవాడు చివరికి లేచి నిలబడ్డాడు, అడవికి పోలేదు. అన్యాయం జరిగితే అడగాలి, దరఖాస్తు పెట్టాలి, నలుగురం కలిసి నిలబడాలి. ప్రశాంతమైన మనసుతో అడిగితే మాట తడబడదు, కోపంలో దారి తప్పదు. శాంతి వల్ల మనకు కలిగే లాభం ఇదే.

మరొక ముఖ్యమైన మాట. రోజుల తరబడి నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా, బతకాలని లేదనిపించినా అది సాధనతో ఒంటరిగా తేల్చుకునే విషయం కాదు. వెంటనే పక్కమంచం మిత్రుడికో, సారుకో, ఇంటికో చెప్పాలి. 2022 అక్టోబర్‌లో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. జ్వరానికి డాక్టరు దగ్గరికి పోయినట్లే మనసు జబ్బుకూ పోవాలి. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. పక్కవాడు మూడు రోజులుగా ఎవరితో మాట్లాడకపోతే మనమే వెళ్లి పలకరించాలి. అందరిలో ఒకే ఆత్మ ఉందన్న మాటకు హాస్టల్లో అర్థం అదే.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మన ఇళ్లలో మొదటిసారి పుస్తకం పట్టిన తరం మనది. డిగ్రీ మనకు ఉద్యోగం ఇస్తుంది, ఇవ్వాలి కూడా. మార్కుల కాగితం మన ప్రతిభలో ఒక కొలత మాత్రమే, మన విలువకు కొలత కాదు. ఈ సంగతి తెలిసినవాడు ఫలితాల రోజున గెలిచినా ఎగిరిపడడు, ఓడినా కూలిపోడు. మర్నాడు మళ్లీ పుస్తకం తెరుస్తాడు.