మనుమలకు ఏ పుస్తకమివ్వాలి?

పురాణప్రవచనం ముగిసి తీర్థప్రసాదాలు స్వీకరించే వేళ పెద్దలు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "అయ్యవారూ, సెలవులకు మనుమలు వస్తున్నారు. వాళ్లకు ఏ పుస్తకం కొనమంటారు?" ప్రొద్దుటూరులోనూ, జమ్మలమడుగులోనూ, పులివెందులలోనూ ఇదే ప్రశ్న.

ప్రొద్దుటూరు వారికి మొదట తోచే కానుక బంగారం. అందులో దోషమేమీ లేదు. ఉంగరం ఆపదలో అక్కరకు వస్తుంది. కాని అది తల్లి బీరువాలోకి వెళ్లిపోతుంది. బిడ్డ చేతిలో నిలిచేది కావాలనుకొన్నప్పుడే పుస్తకం సంగతి వస్తుంది.

చిక్కంతా అక్కడే. నేటి పిల్లలలో చాలామంది తెలుగు మాట్లాడగలరు, చదవలేరు. పులివెందుల భక్తులొకరు బెంగళూరులోని మనుమరాలికి భాగవత సంపుటాలన్నీ కొని పంపారు. మరుసటి ఏడు వెళ్లి చూస్తే అవి దేవుని గూట్లో పసుపుకుంకుమలతో ఉన్నాయట! పూజ జరుగుతోంది, పఠనం జరగలేదు. అందుచేత పుస్తకం పేరు చెప్పేముందు నేను అడిగేది ఒక్కటే: మీరు పక్కన కూర్చుని చదివి వినిపిస్తారా? దూరాన ఉన్నవారు ఫోనులో ముఖాలు చూసుకొంటూనైనా రాత్రికొక కథ చదవవచ్చు. పంపి ఊరుకొంటామనేవారికి ఏ పుస్తకం చెప్పాలో నాకు తోచదు.

విష్ణుశర్మ మందబుద్ధులైన ముగ్గురు రాజకుమారుల ముందు శాస్త్రగ్రంథాలు పెట్టలేదు. జంతువుల కథలు చెప్పాడు. వాటిలో మిత్రలాభ మిత్రభేదాలను పరవస్తు చిన్నయసూరి 1853లో నీతిచంద్రికగా అందించాడు. నాకు ప్రాణసమానమైన గ్రంథమది. అయినా గుణింతాల దగ్గర తడబడే బిడ్డకు ఇవ్వవద్దంటాను. ఆ సంధులను మాకే గురువుగారు విడదీసి చెప్పవలసి వచ్చేది. అవే కథలను చిన్న వాక్యాలలో, పెద్ద అక్షరాలతో అచ్చువేసిన పుస్తకం తీసుకోండి. నీతిచంద్రికను పదిహేనో ఏటికి అట్టిపెట్టండి.

పద్యాలలో వేమన ముందు. కడపలో నివసించిన బ్రౌను దొర ఆ పద్యాలను సేకరించి 1829లో అచ్చువేయించాడు. ఆటవెలది చిన్నది, నాలుగుసార్లు విన్న బిడ్డ ఐదోసారి తానే అందుకొంటుంది. కొనేముందు మీకు కంఠస్థమైన పద్యం ఒకటి తీసి చూడండి. అందులోనే అక్షరం తప్పుంటే ఆ పుస్తకాన్ని అంగట్లోనే వదలివేయండి. చవకగా దొరికే శతకాలలో యతి చెడిన పాదాలు ఎన్నో చూశాను. పసితనంలో నోటికి పట్టిన తప్పు డెబ్బై ఏళ్లకూ పోదు.

పదేళ్లు దాటిన పిల్లలకు మన సీమ కవుల సంగతి చెప్పండి. జమ్మలమడుగులో జన్మించి ప్రొద్దుటూరులో స్థిరపడిన దుర్భాక రాజశేఖర శతావధానిగారు రాణాప్రతాపుని చరిత్రను, వారి మిత్రులు గడియారం వేంకటశేషశాస్త్రిగారు శివాజీ చరిత్రను పద్యకావ్యాలుగా రచించారు. ఆ కావ్యాలను పిల్లలు చదవలేరు. కథ మీరు చెప్పండి. ఒకటి రెండు పద్యాలు రాగయుక్తంగా వినిపించండి. ఆ తరువాత గండికోటకు తీసుకువెళ్లండి. పెన్న కోసిన ఆ లోయ అంచున నిలబడి కోట అంటే ఏమిటో చూసిన బిడ్డ, రాణాప్రతాపుని కథ మళ్లీ చెప్పమని తానే అడుగుతుంది. శివతాండవకర్త పుట్టపర్తి నారాయణాచార్యులవారు పసితనంలో రాసిన పెనుగొండలక్ష్మి, వారు విద్వాన్ పరీక్షకు కూర్చున్నప్పుడు పాఠ్యగ్రంథమై ఎదురైందని చెబితే పిల్లల కళ్లు మెరుస్తాయి. ఆ మహనీయుడు నడచిన వీధులు ప్రొద్దుటూరులోనే ఉన్నాయి కదా!

అటకమీద పాత చందమామలుంటే కాగితాలవానికి తూచి ఇవ్వకండి. 1947 జూలైలో చక్రపాణిగారితో కలిసి ఆ పత్రికను ప్రారంభించిన నాగిరెడ్డిగారు మన కడప జిల్లావారే. దుమ్ము దులిపి ఇస్తే అంతకంటె మంచి కానుక అంగట్లో దొరకదు.

ఆటవస్తువుల గురించి కూడా అడుగుతారు. పాత గుడిమండపాల రాతిబండలపై పులిజూదం గీతలు మీరు చూసే ఉంటారు. మూడు పులులు, పదిహేను మేకలు. సుద్దముక్క, గులకరాళ్లు చాలు. తాత ఓడిపోవడం చూడాలని మనుమడు మళ్లీ మళ్లీ కూర్చుంటాడు. బ్యాటరీ బొమ్మతో ఆడటానికి తాతతో పనిలేదు.

ఇక పుస్తకం కొన్నాక చేయవలసిన పని ఒకటుంది. మొదటి పుటలో బిడ్డ పేరు, మీ పేరు, ఊరు, తిథి, తేదీ మీ చేతితో తెలుగులో రాయండి. అక్షరాలు గుండ్రంగా, విడివిడిగా ఉండాలి. చాలామంది పిల్లలు కూడబలుక్కొని చదివే మొదటి తెలుగు వాక్యం అదే.